కొత్త రౌటర్, పాత ప్రింటర్: వైఫై కలవడానికి పట్టిన ఆరు రోజులు

శుక్రవారం సాయంత్రం 6 గంటలకు మా ఇంట్లో పాత రౌటర్ తీసి కొత్తది బిగించారు. పాతది కొన్ని వారాలుగా రోజుకు రెండు మూడు సార్లు తనంతట తానే ఆగిపోతూ ఉండడంతో మార్చక తప్పలేదు. పది నిమిషాల్లో నా ఫోన్, లాప్‌టాప్, టీవీ అన్నీ కొత్త వైఫైకి కలిశాయి, వేగం కూడా బాగా పెరిగింది. నాలుగేళ్లుగా పక్క గదిలో బల్ల మీద ఉన్న ప్రింటర్ సంగతి ఆ సాయంత్రం నాకు గుర్తే రాలేదు.

మరునాడు ఉదయం నాన్నగారు గుర్తు చేశారు. ఆయన కంట్లో శుక్లం తీసి అప్పటికి వారం రోజులైంది. ఏ చుక్కల మందు ఎన్ని గంటలకు వేసుకోవాలన్నది వారం వారం మారుతూ ఉంటుంది. డాక్టరు రాసిచ్చిన చిన్న అక్షరాలు ఆయనకు ఆనవు కనుక, నేను ఆ వివరాన్ని పెద్ద అక్షరాల పట్టికగా టైపు చేసి, ముద్రించి, ఆయన మంచం పక్కన గోడకు అంటిస్తున్నాను. చుక్కలు వేసుకున్న ప్రతిసారీ ఆయన దాని మీద పెన్నుతో ఒక గీత పెట్టుకుంటారు. ఆ శనివారం నుంచి రెండో వారం పట్టిక మొదలవ్వాలి. ఫోన్‌లో చూపిస్తే ఆయన చదవలేరు. అందువల్ల ఆ ప్రింటర్ పనిచేయకపోవడం నాకు చిన్న అసౌకర్యంగా అనిపించలేదు.

ప్రింటర్ మీద వైఫై దీపం ఆగకుండా మిణుకుమిణుకుమంటూ ఉంది. అది ఇంకా పాత వైఫై పేరు కోసమే వెతుకుతోందని నాకు అర్థమైంది, ఇందులో కష్టం లేదనుకున్నాను. మెనూలోకి వెళ్లి వెతికితే కొత్త పేరు వెంటనే కనిపించింది. దాన్ని ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వడం మొదలుపెట్టాను. మా ప్రింటర్‌కు టచ్ స్క్రీన్ లేదు. రెండు వరుసల చిన్న తెర, నాలుగు బాణం గుర్తులు మాత్రమే ఉన్నాయి. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, అంకెలు కలిసిన 14 అక్షరాల పాస్‌వర్డ్‌ను ఒక్కొక్క అక్షరం దగ్గరకు బాణం నొక్కుకుంటూ వెళ్లి ఇవ్వడానికి ప్రతిసారీ నాలుగు నిమిషాలు పట్టింది. చివరకు ఒక నిమిషం ఆలోచించి, కనెక్షన్ విఫలమైందని మాత్రం చూపించేది. ఎందుకు విఫలమైందో చెప్పేది కాదు.

అలా ఏడు సార్లు చేశాను. ప్రతిసారీ తప్పు నాదేనేమో, సున్నాకు బదులు ఇంగ్లీషు "ఓ" అక్షరం నొక్కానేమో అన్న అనుమానమే వచ్చింది. మధ్యాహ్నం విసిగిపోయి రౌటర్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్‌నే ఎనిమిది అంకెలకు మార్చాను. దానితో ఇంట్లో అన్నిటికీ వైఫై తెగిపోయి, ఒక్కొక్కదాన్నీ మళ్లీ కలుపుకోవలసి వచ్చింది. ఆ హడావిడిలో నా ఫోన్‌ను అతిథుల కోసం వేరే పేరుతో ఉండే గెస్ట్ వైఫైకి కలిపేసిన సంగతి నేను గమనించలేదు. దాని ఫలితం బుధవారం దాకా తెలియలేదు. ఎనిమిది అంకెల పాస్‌వర్డ్‌తో కూడా ప్రింటర్ కలవలేదు. అయితే ఆ ప్రయోగం పూర్తిగా వృథా కాలేదు, ఎందుకంటే లోపం నా టైపింగ్‌లో లేదన్నది అప్పటికి తేలిపోయింది. వెంటనే పెద్ద పాస్‌వర్డ్‌ను తిరిగి పెట్టేశాను.

తరువాత డబ్ల్యూపీఎస్ పద్ధతి ప్రయత్నించాను. ప్రింటర్‌లో ఆ బటన్ నొక్కి, రెండు నిమిషాల లోపు రౌటర్ మీది బటన్ కూడా నొక్కితే పాస్‌వర్డ్ అవసరం లేకుండానే రెండూ కలుసుకోవాలి. రెండు గదుల మధ్య పరుగెత్తుతూ మూడు సార్లు చేశాను. మూడు సార్లూ రెండు నిమిషాలు గడిచిపోయాయి, దీపం మిణుకుమంటూనే ఉంది.

ఈలోగా పట్టికను తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో చేత్తో రాసి అంటించాను. "బాగానే కనబడుతోందమ్మా" అన్నారు నాన్నగారు. కానీ సాయంత్రం చూస్తే మధ్యాహ్నపు చుక్కలకు పెట్టవలసిన గీత రాత్రి వరుసలో ఉంది. నా చేతిరాతలో గీతలు వంకరగా ఉండడం వల్ల వరుసలు ఆయనకు కలిసిపోయి కనిపించాయి. ఆయన ఏమీ అనలేదు గానీ, నాకు మాత్రం మనసు చివుక్కుమంది.

సాయంత్రం 5 గంటలకు ప్రింటర్ కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. 42 నిమిషాలు సంగీతం విన్న తరువాత ఒకాయన మాట్లాడారు. ఎంతో మర్యాదగా, లాప్‌టాప్‌లోని ప్రింటర్ సాఫ్ట్‌వేర్ అంతా తీసేసి మళ్లీ ఎక్కించమన్నారు. దానికి గంటన్నర పట్టింది, ఫలితం లేదు. ఉండే అవకాశమూ లేదని ఇప్పుడు నాకు తెలుసు. డ్రైవర్ అనే ఆ సాఫ్ట్‌వేర్ లాప్‌టాప్‌కూ ప్రింటర్‌కూ మధ్య వ్యవహారం. మా ప్రింటర్ ఇంకా రౌటర్ గడపే తొక్కలేదు. వైఫై దీపం మిణుకుమంటున్నంతసేపూ లాప్‌టాప్‌లో ఏం మార్చినా ప్రయోజనం ఉండదన్న ఈ ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే ఆ సాయంత్రం నాకు మిగిలేది. అయితే ఆయన చెప్పిన మరొక మాట చివరకు ఎంతో ఉపయోగపడింది. ప్రింటర్ మీద ఫలానా రెండు బటన్లు కలిపి మూడు సెకన్లు నొక్కి ఉంచితే, నెట్‌వర్క్ పరిస్థితిని ప్రింటరే ఒక కాగితం మీద ముద్రించి ఇస్తుందని చెప్పారు. ఆ రాత్రే ముద్రించాను. రెండు పేజీలు వచ్చాయి. మొదటి పేజీలో ఏ పరీక్ష నెగ్గింది, ఏది తప్పింది అన్న పట్టిక, రెండో పేజీలో అడ్రసుల అంకెలు ఉన్నాయి. అలసిపోయి ఉండడంతో పైపైన చూసి బల్ల మీద పెట్టేశాను.

ఆదివారం ఉదయం లేవగానే వైఫై గొడవ పక్కన పెట్టి యూఎస్‌బీ కేబుల్ వెతికాను. ఒక కొస మామూలుగా, మరొక కొస చతురస్రంగా ఉండే ఆ కేబుల్ పాత అట్టపెట్టెల్లో అరగంట వెతికితే దొరికింది. దాన్ని లాప్‌టాప్‌కు తగిలించిన రెండు నిమిషాల్లో నాన్నగారి పట్టిక ముద్రితమై బయటకు వచ్చింది. ఇదే అవస్థలో ఉన్నవారు అన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఇదేనని నా గట్టి అభిప్రాయం. అవసరం తీరిపోయాక తల చల్లబడుతుంది, అప్పుడే కాగితం మీద రాసి ఉన్నది కంటికి ఆనుతుంది.

నిజంగానే, రాత్రి ముద్రించిన మొదటి పేజీని అప్పుడు శ్రద్ధగా చదివాను. వైఫై పేరు కనబడింది, సిగ్నల్ బాగుంది, అథెంటికేషన్ దగ్గర, అంటే పాస్‌వర్డ్ సరిచూసుకునే దశలో మాత్రం విఫలమని ఉంది. దాని పక్కన ప్రింటర్‌కు తెలిసిన భద్రతా పద్ధతుల పేర్లు ఉన్నాయి. వాటిలో చివరిది డబ్ల్యూపీఏ2. కంపెనీ వారి మాన్యువల్ తెరిచి చూస్తే, మా ప్రింటర్ 2.4 గిగాహెర్ట్జ్ అనే రేడియో బ్యాండ్‌లోని వైఫైకి మాత్రమే కలుస్తుందనీ, డబ్ల్యూపీఏ2 వరకే దానికి తెలుసుననీ రాసి ఉంది. ఇక రౌటర్ సంగతి. దాని అడుగున అంటించిన చీటీలో ఉన్న వివరాలతో, బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టి సెట్టింగ్స్‌లోకి వెళ్లాను. అక్కడ భద్రత అన్న చోట డబ్ల్యూపీఏ3 మాత్రమే ఎంచుకుని ఉంది. డబ్ల్యూపీఏ3 అన్నది 2018లో వచ్చిన పద్ధతి. ఫోన్లూ లాప్‌టాపులూ దాన్ని త్వరగానే అందుకున్నాయి గానీ, ఇళ్లలో ఉండే ప్రింటర్లు ఎన్నో ఇంకా 2004 నాటి డబ్ల్యూపీఏ2తోనే పనిచేస్తున్నాయి. పాస్‌వర్డ్ సరైనదే అయినా, దాన్ని చెప్పుకునే భాష రెండింటికీ వేరైపోయింది. డబ్ల్యూపీఎస్ బటన్ మూడు సార్లూ ఎందుకు విఫలమైందో కూడా అప్పుడే తెలిసింది. డబ్ల్యూపీఏ3 మాత్రమే పెట్టినప్పుడు ఆ బటన్ పద్ధతి పనిచేయదు.

రౌటర్‌లో రెండు పద్ధతులూ కలిసి ఉండే మిశ్రమ ఎంపిక ఉంది. చాలామందికి దానితోనే పని అయిపోవచ్చు. నేనూ ముందు అదే పెట్టాను, మా ప్రింటర్ మాత్రం దానికీ ఒప్పుకోలేదు. అప్పుడు, ఒకే పేరుతో కలిసి ఉన్న 2.4, 5 గిగాహెర్ట్జ్ వైఫైలను విడదీసి, 2.4 దానికి వేరే పేరు పెట్టి, దానికి మాత్రం డబ్ల్యూపీఏ2 ఇచ్చాను. భద్రతను అసలే తీసేసి పాస్‌వర్డ్ లేకుండా ఉంచమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు కానీ, ఒక్క ప్రింటర్ కోసం ఇల్లంతా తలుపులు తెరిచిపెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. ఈ మార్పుతో ఇంట్లో అన్నీ మరోసారి తెగిపోయి కలిశాయి. తరువాత ప్రింటర్ దగ్గరకు వెళ్లి ఎనిమిదోసారి ఆ 14 అక్షరాలు ఇచ్చాను. నలభై సెకన్లు గడిచాక నీలిరంగు దీపం మిణుకుమనడం మాని నిలకడగా వెలిగింది. అప్పుడు సాయంత్రం 4 గంటల 10 నిమిషాలైంది. నాన్నగారిని పిలిచి మరీ చూపించాను.

యూఎస్‌బీ కేబుల్ తీసేసి, వైఫై ద్వారా ఒక పేజీ పంపాను. ప్రింటర్ కదలలేదు. లాప్‌టాప్ తెర మీద ప్రింటర్ పేరు పక్కన ఆఫ్‌లైన్ అని వచ్చింది.

ఈ ఆరు రోజుల్లో నేను నిజంగా కుంగిపోయినది ఆ క్షణంలోనే. శనివారం ఓటమికి కనీసం మిణుకుమనే దీపం సాక్ష్యంగా ఉండేది. ఇప్పుడు దీపం కలిశానంటోంది, లాప్‌టాప్ లేదంటోంది, రెండిటిలో దేన్ని నమ్మాలో తెలియలేదు.

సోమవారం ఆఫీసు పని అయ్యాక రాత్రి 8 నుంచి 10 దాకా దారి తప్పి తిరిగాను. దూరం ఎక్కువైందేమోనని ప్రింటర్‌ను మోసుకువెళ్లి రౌటర్ పక్కనే పెట్టాను. లాప్‌టాప్‌లో బయటి కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్‌ను ఐదు నిమిషాలు ఆపి చూశాను. ఆఫీసు పని కోసం వాడే వీపీఎన్ తెరిచి ఉంటే ఇంట్లోని పరికరాలు కనబడకపోవచ్చునని చదివి దాన్నీ ఆపాను. విండోస్‌లో మా వైఫై పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌గా మార్చాను. వీటిలో ప్రతి ఒక్కటీ మరొకరి ఇంట్లో అసలు కారణం కాగలదు, మా ఇంట్లో కాలేదు. ప్రతి మార్పు తరువాతా ప్రింటర్‌ను ఆపి మళ్లీ వేశాను. ఇంక్‌జెట్ ప్రింటర్ ఆన్ అయినప్పుడు చాలాసార్లు సిరా చిమ్మే తన సన్నని రంధ్రాలను తానే శుభ్రం చేసుకుంటుందనీ, అందుకు సిరా ఖర్చవుతుందనీ నేను అప్పటిదాకా ఆలోచించలేదు. శుక్రవారం సగం పైన ఉన్న నల్ల సిరా సోమవారం రాత్రికి పావు వంతుకు దిగిపోయింది. నాకు జరిగిన ఖర్చంతా దాదాపు అదే. ఒక్క పట్టిక, ఆ నివేదిక తప్ప మరేదీ ముద్రించకుండానే అంత సిరా పోయింది.

ఆ రాత్రి కనబడిన ఒక ఆనవాలును నేను గుర్తించలేకపోయాను. రౌటర్‌లో ఏయే పరికరాలు కలిసి ఉన్నాయో చూపించే జాబితాలో ప్రింటర్ కూడా ఉంది. మిగతా అన్నిటి ఎదురుగా ఒక ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తించే అంకెలు, ఉండగా, దాని ఎదురుగా మాత్రం ఖాళీగా ఉంది. వింతగా అనిపించి ఒక కాగితం మీద రాసుకున్నాను గానీ, దాని అర్థం నాకు తట్టలేదు.

మంగళవారం రాత్రి 9:30కి తమ్ముడు నాన్నగారి కన్ను ఎలా ఉందో కనుక్కోవడానికి ఫోన్ చేశాడు. మాటల్లో ఈ సంగతి చెప్పాను. వాడు రెండే ప్రశ్నలు అడిగాడు. "అక్కా, నీ లాప్‌టాప్ ఐపీ అడ్రస్ ఎంతో చూడు. ప్రింటర్‌ది ఎంతో చూడు." లాప్‌టాప్‌లో నల్లటి కమాండ్ విండో తెరిచి, వాడు చెప్పినట్టు ఐపీకాన్ఫిగ్ అని కొడితే 192.168.1.14 అని వచ్చింది. ప్రింటర్ అడ్రస్ కోసం శనివారం రాత్రి ముద్రించిన నివేదిక రెండో పేజీ తీశాను. అందులో 192.168.0.50 అని ఉంది. పక్కనే, మాన్యువల్ అని కూడా ఉంది.

చుక్కలతో విడదీసిన నాలుగు అంకెల్లో మూడోది ఒకచోట 1, మరోచోట 0. తమ్ముడు వివరంగా చెప్పాడు. మామూలు ఇళ్ల రౌటర్లలో సబ్‌నెట్ మాస్క్ (ఏ అడ్రసులు ఒకే నెట్‌వర్క్‌వో చెప్పే సెట్టింగ్) 255.255.255.0 అని ఉంటుంది కనుక, మొదటి మూడు అంకెలూ రెండిటికీ ఒకటే అయితేనే రెండు పరికరాలు ఒకదాన్నొకటి నేరుగా చేరుకోగలవు. మా పాత రౌటర్ అడ్రసులన్నీ 192.168.0 తో మొదలయ్యేవి, కొత్త రౌటర్‌వి 192.168.1 తో మొదలవుతాయి. కొత్తగా కలిసే పరికరాలన్నీ అడ్రస్‌ను రౌటర్‌నే అడిగి తీసుకుంటాయి. మా ప్రింటర్ అడగలేదు, ఎందుకంటే దానికి అప్పటికే చేత్తో ఇచ్చిన అడ్రస్ ఒకటి ఉంది. ఆ అడ్రస్ ఇచ్చినది నేనే. నాలుగేళ్ల కిందట ప్రింటర్ కొన్న కొత్తలో దాని అడ్రస్ మారిపోతూ ఉంటే, ఇక మారకుండా ఉండాలని 192.168.0.50 అని స్థిరంగా పెట్టాను. అది అన్నేళ్లూ చక్కగా పనిచేసింది, నేను దాన్ని పూర్తిగా మరిచిపోయాను. వైఫై పేరు మార్చినా, పాస్‌వర్డ్ మార్చినా ఆ అడ్రస్ మాత్రం ప్రింటర్‌లో అలాగే ఉండిపోయింది.

నిలకడగా వెలిగే నీలిరంగు దీపం అబద్ధం చెప్పలేదు. రౌటర్‌తో రేడియో సంబంధం కుదిరిందని మాత్రమే అది చెప్పింది, అడ్రస్ సరిపోయిందో లేదో చెప్పడం దాని పని కాదు. రౌటర్ జాబితాలో ఎదురుగా ఖాళీ ఎందుకుందో కూడా అప్పుడు బోధపడింది. తాను ఇవ్వని అడ్రస్‌ను రౌటర్ ఎలా చూపిస్తుంది? శనివారం రాత్రి నుంచీ ఆ సమాధానం నా బల్ల మీదే, నా కళ్ల ముందే ఉంది. సోమవారం ఆ కాగితం వెనకవైపునే నేను అనుమానాలన్నీ రాసుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నొప్పిగానే ఉంటుంది.

రాత్రి 10:30కి ప్రింటర్ మెనూలో ఐపీ సెట్టింగును మాన్యువల్ నుంచి ఆటోమేటిక్‌కు మార్చాను. పది సెకన్లలో దానికి 192.168.1.23 వచ్చింది. లాప్‌టాప్ బ్రౌజర్‌లో ఆ అంకెలు కొడితే ప్రింటర్ తన పేజీ చూపించింది. రెండూ మాట్లాడుకుంటున్నాయనడానికి ఇంతకన్నా మంచి రుజువు లేదు. అయినా ముద్రించబోతే మళ్లీ ఆఫ్‌లైన్ అనే వచ్చింది. ఈసారి నేను కంగారు పడలేదు. లోపం ఇక లాప్‌టాప్ వైపే మిగిలి ఉందని తెలుసు కనుక నిద్రపోయాను.

బుధవారం ఉదయం 7 గంటలకు లాప్‌టాప్‌లోని ప్రింటర్ ప్రాపర్టీస్‌లో, పేజీలను ఏ అడ్రస్‌కు పంపాలో ఉండే పోర్ట్స్ అన్న భాగం తెరిచాను. అక్కడ ఇంకా 192.168.0.50 అనే ఉంది. శనివారం సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ ఎక్కించినా, విండోస్‌లో ఆ పాత పోర్టు మిగిలిపోయి, అదే తిరిగి అతుక్కుంది. కొత్తగా స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్టు ఒకటి చేర్చి, 192.168.1.23 ఇచ్చి, ఓకే నొక్కాను. మరు నిమిషంలో పక్క గదిలో ప్రింటర్ మొదలైంది. ఆగలేదు. ఆదివారం నుంచి నేను పంపిన పేజీలన్నీ, మొత్తం 11, వరుసలో కాచుకుని ఉన్నాయి. పరీక్ష పేజీలు ఏడు, నాన్నగారి పట్టికలు నాలుగు బయటకు వచ్చాయి. పోర్టు మార్చే ముందు ఆ వరుసను తెరిచి ఖాళీ చేసుకుంటే, మిగిలిన పావు వంతు సిరా కూడా అలా పోకుండా ఉంటుంది. నాకు మాత్రం ఆ 11 పేజీల చప్పుడు ఎంతో హాయిగా వినిపించిందన్నది నిజం.

అడ్రస్ మళ్లీ మారకుండా ఉండడానికి ఈసారి ప్రింటర్‌లో ఏమీ పెట్టలేదు. రౌటర్ సెట్టింగ్స్‌లో ప్రింటర్ మ్యాక్ అడ్రస్ (తయారీలోనే పరికరానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఎదురుగా 192.168.1.23 రిజర్వ్ చేశాను. ఆ మ్యాక్ అడ్రస్ కూడా నివేదిక రెండో పేజీలోనే ఉంది. ప్రింటర్ ఆటోమేటిక్‌గా అడుగుతుంది, రౌటర్ ప్రతిసారీ అదే ఇస్తుంది. రేపు మరో రౌటర్ వస్తే, అది ఇచ్చిన అడ్రస్‌ను ప్రింటర్ తీసుకుంటుంది. చేత్తో స్థిరం చేయడం కన్నా ఇదే మంచి పద్ధతి అని నాకు ఇప్పుడు గట్టిగా తెలుసు. లాప్‌టాప్‌లో పోర్టు మాత్రం అప్పుడు మళ్లీ మార్చుకోవాలి.

చివరగా ఫోన్ మిగిలింది. డాక్టరు రాసిన కొత్త చీటీని ఫోటో తీసి నేరుగా ముద్రిద్దామంటే, ఫోన్‌కు ప్రింటర్ కనిపించలేదు. శనివారం హడావిడిలో దాన్ని గెస్ట్ వైఫైకి కలిపిన సంగతి అప్పుడు బయటపడింది. అతిథులు ఇంట్లోని పరికరాలను చేరుకోకుండా అడ్డుగోడ కట్టడమే దాని ఉద్దేశం కనుక, అది తన పని సరిగ్గానే చేసింది. ఇంటి వైఫైకి మార్చిన తరువాత కూడా ప్రింటర్ యాప్‌కు లోకల్ నెట్‌వర్క్ అనుమతి, అంటే ఇంటి వైఫైలోని ఇతర పరికరాలను వెతికే అనుమతి, లేదని తేలింది. మొదటిసారి ఆ యాప్ తెరిచినప్పుడు అడిగిన ప్రశ్నకు నేను చదవకుండానే వద్దని నొక్కాను. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ అనుమతి ఇచ్చాక క్షణంలో ప్రింటర్ కనిపించింది. దీనికి మొత్తం పావుగంట పట్టింది.

శుక్రవారం రాత్రి కరెంటు పోయి, అరగంట తరువాత వచ్చింది. రౌటర్, ప్రింటర్ రెండూ ఆగి మళ్లీ మొదలయ్యాయి. నేను ప్రింటర్ దగ్గర నిలబడి చూశాను. రెండు నిమిషాల పాటు దీపం మిణుకుమంది, తరువాత నిలకడగా వెలిగింది. నివేదిక మరోసారి ముద్రించి రెండో పేజీ చూస్తే 192.168.1.23, ఆటోమేటిక్ అని ఉంది. శనివారం ఉదయం మూడో వారం పట్టిక ముద్రించి గోడకు అంటించాను. నాన్నగారు కళ్లద్దాలు సవరించుకుని, వరుస మీద వేలు పెట్టి చూసుకుని, మొదటి గీత సరైన చోట పెట్టారు.